నిలిచి వెలిగిన ఎర్రచుక్క

రాజోలు దాటి, పంటకాలువ గట్టు పట్టుకుని కొంతదూరం వెళ్ళాక, చర్చి మలుపుకు ఇవతల ఒక రేకుల షెడ్డు ఉంది. మిక్సీలు, ఇన్వర్టర్లు, సెల్‌ఫోన్లు బాగుచేస్తామని బయటి బోర్డు చెబుతుంది. లోపల వెనక బల్ల మీద జరిగే పని గురించి ఆ బోర్డు ఏమీ చెప్పదు. అయినా ఆ పని కోసం అమలాపురం నుంచీ, కొత్తపేట నుంచీ మనుషులు వెతుక్కుంటూ వస్తారు. రిమోట్‌తో నడిచే చిన్న రేసు బళ్ళను బగ్గీలంటారు. వాటికి ఏ మోటారు పెట్టాలో, ఏ బ్యాటరీ పెట్టాలో, అంతకన్నా ముఖ్యంగా ఏది పెట్టకూడదో తేల్చి చెప్పగల మనిషి ఈ చుట్టుపక్కల జెస్సీ ఒక్కతే.

జెస్సీ దానం మాస్టారి కూతురు. డిప్లొమా చదివింది, ఉద్యోగం వద్దనుకుంది, ఆ మాట ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా షెడ్డు తెరిచింది. ఆమెది తూకం మనిషి బుద్ధి. బల్ల మీద మందుల కొట్టులో ఉండేలాంటి చిన్న కాటా ఉంటుంది. ప్రతి స్క్రూ దాని మీద ఎక్కి దిగాల్సిందే. ఎందుకింత పట్టింపు అని అడిగేవాళ్ళకు ఆమె కళ్ళం చూపించేది.

రెండో పంట దాళ్వా కోతలయ్యాక ఇక్కడ బగ్గీల పందేలు కళ్ళాల్లో జరుగుతాయి. పేడతో అలికి, ఎండబెట్టి, గట్టిపరిచిన ఆ నేల సిమెంటు గచ్చులా నున్నగా ఉంటుంది గానీ, అలుకు మాత్రం అప్పడమంత పల్చన. బరువైన బండి మలుపు తిరిగితే అది పెచ్చులుగా లేస్తుంది. లేచిందంటే కళ్ళం గలవారు మళ్ళీ గుమ్మం తొక్కనివ్వరు. అందుకని ఇక్కడి బగ్గీ తేలిగ్గా ఉండి తీరాలి. పెద్ద బ్యాటరీ పెడితే ఎక్కువసేపు పరుగెడుతుందని కొత్తవాళ్ళు ఆశపడతారు. ఆ బ్యాటరీలో సగం తన బరువు తాను మోసుకోవడానికే ఖర్చవుతుందని వాళ్ళకు తోచదు. అలాగని మరీ చిన్నది పెట్టి, దాహం ఎక్కువున్న మోటారు తగిలిస్తే, జోరందుకున్న క్షణంలో బ్యాటరీ నీరసిస్తుంది. అప్పుడు రిమోట్ మాట వినే రిసీవర్‌కు కరెంటు అందదు. బండి చెవిటిదై ఎటు పోతే అటే పోతుంది. ఈ రెండిటి మధ్య సన్నని గట్టు మీద నడవడమే జెస్సీ విద్య.

కట్టేది జెస్సీ, నడిపేది ఆమె అన్నయ్య రాజ్‌కుమార్. చిన్న తుపాకీలా ఉండే రిమోట్ కుడిచేతి పక్కన వేలితో తిప్పే చక్రం ఉంటుంది. బండి కదిలించే ముందు అతను ఆ చక్రాన్ని ఎడమకు రెండుసార్లు అదిలించేవాడు, ఎడ్లబండివాడు పగ్గం అదిలించినట్టు. ఆ తర్వాతే ట్రిగ్గర్ నొక్కేవాడు. వాళ్ళ ముత్తాత కూలికి ధాన్యం తూర్పారబట్టిన కళ్ళంలోనే ఆ అన్నాచెల్లెళ్ళు గెలిచి, కళ్ళం గలవారి చేతుల మీదుగా కప్పు అందుకున్నారు. దానం మాస్టారు ఆ వేళ చప్పట్లు కొట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

కిందటి జనవరి మంచులో రాజ్‌కుమార్ మోటారుసైకిలుతో సహా కాలువలో పడిపోయాడు. గట్టు ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియనంత మంచు. భూస్థాపన నాడు, చివరి చూపులప్పుడు, జెస్సీ అన్న రిమోట్ తెచ్చి పెట్టెలో అతని కుడిచేతి పక్కన పెట్టింది. సంఘంలో కొందరు మొహం చిట్లించారు. దానం మాస్టారు సంఘపెద్ద. మట్టికి ఇచ్చినదాన్ని మట్టికే వదిలెయ్యాలని ఎందరి ఇళ్ళలోనో చెప్పినవారు. ఆయన ఆ వేళ ఒక్క మాట మాట్లాడలేదు.

బండి మాత్రం మిగిలింది. బండిలో రిసీవర్ మిగిలింది.

అగ్గిపెట్టెలో సగం కూడా లేని ఆ రిసీవర్ గురించి కొంత చెప్పాలి. అది ఒక్క రిమోట్‌కే జతపడుతుంది, ఆ ఒక్కదాని మాటే వింటుంది. జత దొరకనంతసేపు దాని మీది ఎర్రచుక్క మినుకుమంటుంది. దొరికాక నిలిచి వెలుగుతుంది. మరో రిమోట్‌కు జతచేయాలంటే పక్కనున్న బొత్తాం నొక్కి పట్టాలి. నొక్కితే పాతది మరిచిపోతుంది. మళ్ళీ గుర్తు చేయడానికి ఆ పాత రిమోటే కావాలి, అదేమో మట్టిలో ఉంది. అంత తేలికైన రిసీవర్ల తయారీ ఆగిపోయింది. మొల్లేరు కళ్ళంలో జరిగే వేసవి పందేనికి ఆ కళ్ళం గలవారి మనవడు సాయిదుర్గాప్రసాద్ తేలిక బగ్గీ కావాలన్నప్పుడు, లెక్కలో సరిపోయేది అన్న రిసీవర్ ఒక్కటే. జెస్సీ ఒప్పుకుంది. మోటారు ఎంచింది, పొట్టి బ్యాటరీ ఎంచింది, చక్రాలు తిప్పే సర్వో మోటారు పల్చనిది ఎంచింది. రిసీవర్‌నూ బిగించింది. బొత్తాం మాత్రం నొక్కలేకపోయింది. రేపు, రేపు అని వాయిదా వేస్తూ వచ్చింది. ఆ ఒక్క బొత్తాం తప్ప ఆ బండికి ఇక చేయవలసిన పని లేదు.

అలాంటి ఒక సాయంత్రం, సర్వో బిగువు చూద్దామని ఆమె బ్యాటరీ తగిలించింది. తన రిమోట్ డ్రాయరులో ఉంది. ఎర్రచుక్క మినుకుమంది, మినుకుమంది. ఆమె స్క్రూడ్రైవరు కోసం వెనుదిరిగి మళ్ళీ చూసేసరికి మినుకు ఆగిపోయింది. చుక్క నిలిచి వెలుగుతోంది.

బగ్గీ ముందుచక్రాలు ఎడమకు రెండుసార్లు అదిలాయి. తర్వాత తిన్నగా నిలిచాయి.

జెస్సీ బ్యాటరీ తీగ పీకేసింది.  తర్వాత, భయపడటం పనికిరాదని కాబోలు, కోపం తెచ్చుకుంది.

మర్నాటి నుంచి ఆమె ఒక్కొక్క కారణాన్నీ బోనెక్కించింది. బ్యాటరీ నీరసమేమోనని కొత్తది నింపి పెట్టింది. కరెంటు ఎగుడుదిగుడేమోనని స్పీడ్ కంట్రోలర్ మార్చింది. సర్వో పిచ్చిదేమోనని ఇంకోటి పెట్టింది. ఉప్పుగాలికి తీగలు చిలుమెక్కాయేమోనని అతుకులన్నీ మళ్ళీ అతికింది. పక్కింటి రిమోట్ ఏదైనా తగులుతోందేమో అన్న అనుమానానికి అసలు తావే లేదు. ఒకరి పిలుపుకు మరొకరి రిసీవర్ పలకకుండానే కదా వాటిని చేస్తారు. అన్ని కారణాలూ నిర్దోషులుగా బయటికి వెళ్ళిపోయాయి. పగలంతా చుక్క మినుకుమంటూనే ఉండేది. పొద్దు వాలి, చర్చి గోపురం నీడ కాలువ దాటే వేళకు నిలిచి వెలిగేది. చక్రాలు ఎడమకు అదిలేవి.

అంత స్పష్టంగా పిలవగల రిమోట్ లోకంలో ఒక్కటే ఉంది. దాన్ని పెట్టెలో పెట్టిన చేతులు ఆమెవే.

బండి ఎంతవరకు వచ్చిందో చూద్దామని సాయిదుర్గాప్రసాద్ వచ్చింది కూడా అలాంటి వేళకే. అతను ఆమెకన్నా చిన్నవాడు, నోరు ఊరుకోదు.

"ఇంకెన్నాళ్ళక్కా? మా నానమ్మ కళ్ళంలో వడియాలు పెట్టుకుంటానంటోంది. మీ బండి వచ్చేసరికి మినప వడియాల మీద పందెం వెయ్యాలి మనం."

జెస్సీ నవ్వబోయింది. బల్ల మీద బగ్గీ చక్రాలు అదిలాయి.

"భలే అదిలిస్తున్నారే, అచ్చం అన్నయ్యలాగే. రిమోట్ ఎక్కడ దాచేరు?"

ఆమె రెండు చేతులూ ఎత్తి చూపించింది. అతని నవ్వు మొహం మీద ఇంకాసేపు ఉండిపోయింది, వెళ్ళిపొమ్మని చెప్పేవాళ్ళు లేక. తర్వాత చుక్కను చూశాడు. దాని అర్థం అతనికీ తెలుసు.

"ఆయ్... నేను మళ్ళీ వస్తానక్కా," అన్నాడు. హెల్మెట్టు బల్ల మీదే మరిచిపోయాడు.

ఆ మాట ఊరంతా పాకింది. ఊరికి ఇలాంటివాటి మీద ఉన్న శ్రద్ధలో పదోవంతు కాలువ మలుపులో పిట్టగోడ కట్టించడం మీద ఉంటే రాజ్‌కుమార్ బతికే ఉండేవాడు. సాయిదుర్గాప్రసాద్ నానమ్మ సూరమ్మగారు బండిని గోదాట్లో కలిపెయ్యమని కబురు పెట్టింది. సంఘం ఆడవాళ్ళు షెడ్డులో ప్రార్థన పెడతామన్నారు. పోయినవాడి చేతికి ఆటవస్తువు ఇస్తే వాడు ఆడుకోక ఏం చేస్తాడని ఒకాయన సోడా తాగుతూ తీర్పు చెప్పాడు. దానం మాస్టారు మాత్రం అన్నీ విని, రోజూలాగే సాయంకాలపు ప్రార్థన కూడికకని గొడుగు పట్టుకుని బయల్దేరేవారు. పెట్టె తవ్వి చూస్తేనే గాని తేలదని కూడా ఎవరో అన్నారట. ఆ మాట విన్న రాత్రి జెస్సీకి నిద్రపట్టలేదు. ఎవరో అనరాని మాట అన్నందుకు కాదు. తనకూ అదే తోచినందుకు.

మర్నాడు పొద్దు వాలుతుండగా ఆమె బగ్గీని చంటిపిల్లలా చంకనెత్తుకుని, బ్యాటరీ తగిలించి, షెడ్డు దాటింది. పిలుపు ఉందంటే పిలిచే చోటు ఉండాలి. చోటు ఉందంటే దగ్గరా దూరమూ ఉండాలి. ముందు తూర్పుగా, రాజోలు వైపు నడిచింది. కొంతదూరం పోయాక చుక్క తడబడి మినుకుమంది. వెనక్కి తిరిగి చర్చి వైపు నడిచింది. నిలిచింది. చర్చి దాటి కాలిబాట వంతెన ఎక్కింది. నిలిచే ఉంది. వంతెన దిగితే ఆ దారి ఒక్క చోటికే పోతుంది.

సమాధుల తోట గేటు దగ్గర చంకలో చక్రాలు అదిలాయి. బట్టల మీదుగా ఆ కదలిక పక్కటెముకలకు తగిలింది. వెనక్కి పరిగెత్తాలని కాళ్ళు గట్టిగా చెప్పాయి. సున్నం వేసిన సిలువల మధ్య నుంచి, కొబ్బరిమట్టలు రాలిన దారి వెంట, ఆమె చుక్క వెలుగును చూస్తూనే నడిచింది. అన్న సమాధి పక్కన గొడుగు ఉంది. గొడుగు కింద దానం మాస్టారు కూర్చుని ఉన్నారు. కళ్ళు మూసుకుని, రెండు చేతులతో, పక్షిపిల్లను పట్టుకున్నట్టు రిమోట్ పట్టుకున్నారు.

"నాన్నగారూ."

ఆయన ఉలిక్కిపడలేదు. ఎప్పుడో ఒకనాడు పట్టుబడతానని తెలిసిన మనిషిలా కళ్ళు తెరిచారు.

పెట్టె మూసే ముందు, పాడె సర్దడానికి అందరూ బయటికి వెళ్ళిన కాస్త సేపట్లో, ఆయన దాన్ని తీసేశారు. కొడుకు వేళ్ళు పట్టిన చోటు అరిగి నున్నగా ఉంది, దాన్ని మట్టిపాలు చేయలేకపోయారు. పదిమందికీ వద్దని చెప్పిన పని తానే చేశారు గనక ఎవరికీ చెప్పుకోలేకపోయారు. అంతవరకూ ఆయన చెప్పగా జెస్సీకి అర్థమైంది. మరి రోజూ ఎందుకు వెలిగిస్తున్నారు?

"ఉప్పుగాలి కదమ్మా," అన్నారాయన, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "రోజుకోసారి తిప్పకపోతే మోటారు పట్టేస్తుందని నువ్వే చెబుతావు కదా అందరికీ. ఇది కూడా పట్టేస్తుందేమోనని, రోజూ కాసేపు వెలిగించి ఉంచుతున్నాను. సెల్సు కూడా మారుస్తున్నాను."

సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు మోటారుకు చేసే ఉపచారాన్ని ఆయన కొడుకు రిమోట్‌కు చేస్తూ వచ్చారు. దాని పిలుపు కాలువకు ఇవతల ఒక బల్ల మీదికి వెళుతుందని ఆయనకు తెలియదు. చక్రం మీద వేలు వేయడం కూడా తెలియదు. కావాలంటే చూడమని రిమోట్‌ను సమాధి పలక మీద పెట్టి చేతులు తీసేశారు. ఎవరూ తాకని ఆ రిమోట్ పిలుపుకు జెస్సీ చంకలో చక్రాలు ఎడమకు రెండుసార్లు అదిలాయి.

ఆమె దాన్ని షెడ్డుకు తెచ్చి విప్పి చూసింది. చక్రం కింద వేలి కదలికను కొలిచే కర్బనపు పట్టీ ఉంటుంది. మధ్య నుంచి ఎడమకు ఒకచోట అది అరిగిపోయి ఉంది. ఏళ్ళ తరబడి ప్రతి పందేనికి ముందూ అదిలించిన అదిలింపు అక్కడ గాడి తీసింది. ఆ గాడి దగ్గర కొలత నిలవక దానంతటదే తొట్రుపడుతోంది. కారణం దొరికింది. మంత్రమూ లేదు, మాయా లేదు. జెస్సీ గెలిచిన వకీలులా తండ్రికంతా వివరించింది.

ఆయన శ్రద్ధగా విన్నారు. అరిగిన చోటును కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"అయితే అది వాడి చెయ్యే కదమ్మా," అన్నారు.

 నిజం చెబితే భయం పోతుందని ఆమె నమ్మకం. ఇక్కడ నిజం తలుపు తీసి మరీ భయాన్ని లోపలికి పిలిచింది.

ఆ తర్వాత దానం మాస్టారు మారిపోయారు. సమాధుల తోటకు వెళ్ళడం మానేసి షెడ్డులోనే కూర్చోవడం మొదలుపెట్టారు. రిమోట్ ఒళ్ళో, బగ్గీ ఎదురుగా. చక్రాలు అదిలినప్పుడల్లా చిన్నగా తలాడించేవారు. అన్నానికి పిలిస్తే, వాడు ఊరుకున్నాక వస్తాననేవారు. ఒకసారి ఆమె మిక్సీ బాగుచేస్తుండగా వెనక నుంచి, ట్యూషను చెప్పేటప్పటి గొంతుతో, నెమ్మదిగా మాట్లాడటం వినిపించింది. ఆయన ఒక ప్రశ్న వేసి, చక్రాల వైపు చూస్తూ, జవాబు కోసం ఆగుతున్నారు. జవాబు వస్తోంది. మినుకు లేని ఆ ఎర్రచుక్క వెలుగులో ఆయన మొహం ఆమెకు తెలిసిన మొహంలా లేదు.

ఒక ఉదయం ఆమె షెడ్డు తెరిచేసరికి ఆయన బల్ల మీద తలవాల్చి నిద్రపోతున్నారు. రాత్రి ఎప్పుడో వచ్చి బ్యాటరీ తగిలించుకున్నారు. ఆయన చెంపకు జానెడు దూరంలో బ్యాటరీ పొంగిన పూరీలా ఉబ్బి ఉంది. ఇలాంటి బ్యాటరీని అడుగంటా వాడేస్తే పాడై ఉబ్బుతుంది. ఉబ్బినది ఎప్పుడు భగ్గుమంటుందో చెప్పలేం. జెస్సీ దాన్ని మెల్లగా విడదీసి, ఇసుక బక్కెట్లో పూడ్చి, బయటికి మోసుకెళ్ళింది. 

బొత్తాం నొక్కడానికి అదే అదను. ఆయన నిద్రలో ఉన్నారు. కొత్త బ్యాటరీ అరలో ఉంది, తన రిమోట్ డ్రాయరులో ఉంది. పని ముగిశాక రిసీవర్ పాడైందని చెబితే ఆయన నమ్ముతారు. జెస్సీ బొత్తాం మీద వేలు పెట్టి, తీసేసింది. ఒకరికి చెందినదాన్ని అడగకుండా తీసుకోవడానికి ఒకటే పేరు ఉంది. పెట్టె దగ్గర ఆయన చేసింది అదే. ఇద్దరూ ఆ పనే చేస్తే ఈ ఇంట్లో ఇక ఒకరి మాట ఒకరు నమ్మడానికి ఏమీ మిగలదు.

ఆమె తండ్రిని లేపి టీ ఇచ్చింది. బక్కెట్లో పూడ్చినదేమిటో చెప్పింది. అది అంటుకుంటే ఏమయ్యేదో కూడా దాచలేదు. ఆ పైన బగ్గీకి కొత్త బ్యాటరీ తగిలించి, బొత్తాం సంగతి చెప్పింది. అది నొక్కితే రిసీవర్ పాత రిమోట్‌ను మరిచిపోతుంది, ఇక ఆయన ఏం పంపినా ఇటు అందదు. రిమోట్ ఆయన దగ్గరే ఉంటుంది, దాన్ని ఎవరూ అడగరు.

"మీరు సరేనంటేనే నొక్కుతాను. మీ రిమోట్‌ను మీరే ఆపాలి. నేను ముట్టుకోను."

దానం మాస్టారి చేతిలో టీ చల్లారిపోయింది. వాకిట్లో స్కూలు ఆటో వెళ్ళింది. ఎండ బల్ల అంచుకు వచ్చింది. ఏ సాయంకాలంలోనూ లేనంత భయం ఆ ఎండలో, ఆ మామూలు పొద్దులో, జెస్సీకి వేసింది. ఆయన వద్దంటే తాను ఆగిపోవాలి. ఆగిపోతే ఈయన ఇక్కడే, ఈ కుర్చీలోనే కరిగిపోతారు.

"నొప్పెడుతుందా అమ్మా?" అని అడిగారాయన.

ఎవరికి అని ఆమె అడగలేదు. "తెలియదు నాన్నగారూ," అంది. అబద్ధం ఎంత తేలికగా ఉన్నా ఆమె అందులోకి దిగలేదు.

ఆయన రిమోట్‌ను దగ్గరికి తీసుకున్నారు. బొటనవేలితో అరిగిన చోటు తడిమారు. ఏదో గొణిగారు. ప్రార్థనో, పేరో తెలియలేదు. తర్వాత స్విచ్చి కిందికి నొక్కారు. బల్ల మీద కొత్త బ్యాటరీతో వెలుగుతున్న చుక్క వెంటనే మినుకుమనడం మొదలుపెట్టింది, తప్పిపోయినవాళ్ళను వెతుకుతున్నట్టు.

"ఊఁ, కానియ్యి," అన్నారు.

జెస్సీ బ్యాటరీ తీసి, బొత్తాం నొక్కి పట్టి, మళ్ళీ తగిలించింది. మినుకు వేగం పుంజుకుంది. తన రిమోట్‌ను జతకు సిద్ధం చేసి దగ్గర పెట్టింది. ఎప్పుడూ రెప్పపాటులో ముగిసే పని అది. ఆ పొద్దు ముగియలేదు. చుక్క కొట్టుకుంటూనే ఉంది, కొట్టుకుంటూనే ఉంది. తండ్రీ కూతుళ్ళిద్దరూ దాని మీదికి వంగి, ఒకరి ఊపిరి ఒకరికి తగులుతుండగా చూశారు. దానికి మరవడం ఇష్టం లేదేమోనన్న ఆలోచన ఇద్దరికీ ఒకేసారి వచ్చిందని ఇద్దరికీ తెలిసింది. 

చుక్క నిలిచింది.

దానం మాస్టారు వెనక్కి జరిగారు. "ఎవరిదమ్మా?" అన్నారు, గొంతు తగ్గించి.

జెస్సీ తన రిమోట్ చేతిలోకి తీసుకుంది. చక్రాన్ని కుడికి, మెల్లగా, ఆఖరుదాకా తిప్పి అక్కడే ఆపింది. బల్ల మీద బగ్గీ చక్రాలు కుడికి తిరిగి, ఆమె వదిలేదాకా అక్కడే ఉండిపోయాయి.

"నాది," అంది.

ఆయన తలాడించారు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు కడిగి బోర్లించి, గొడుగు కోసం వెతుక్కున్నారు.